రాత, గీత, అచ్చు: పిల్లల పుస్తకం తయారయ్యే తీరు



ఈ ప్రసంగంలో మీతో పిల్లల పుస్తకాల గురించి మాట్లాడతాను. చదవడం గురించి కాదు, తయారుచేయడం గురించి. మీలో కథలు రాసేవాళ్లు ఉంటారు. నోటు పుస్తకం చివరి పేజీల్లో బొమ్మలు గీసి మాస్టారి చేత తిట్లు తిన్నవాళ్లూ ఉంటారు. ఈ రెండు అలవాట్లూ కలిస్తే ఒక మంచి పని అవుతుంది. అది వృత్తి కూడా కావచ్చు. అయితే దానికి నేర్చుకోవలసిన విద్యలు మూడు ఉన్నాయి: రాయడం, గీయడం, పుస్తకాన్ని పాఠకుడి దాకా చేర్చడం. మొదటి రెండింటి గురించి చాలామంది చెబుతారు. మూడోదాన్ని ఎక్కువమంది దెబ్బ తిన్నాకే నేర్చుకుంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను కాబట్టి ముందుగా నా అనుభవమే చెబుతాను.

ఒక సీసాడు నీళ్లు

సైన్సు బోధనలో అడుగుపెట్టిన కొత్తలో పిల్లల కోసం కప్ప మీద ఒక చిన్న పుస్తకం రాశాను. ఒక ప్రచురణ సంస్థవారు తీసుకున్నారు. బొమ్మలు వాళ్లే వేయించారు. నేను చిత్రకారుణ్ణి ఒక్కసారి కూడా కలవలేదు. "కాళ్లు వచ్చిన తోకకప్ప" అని ఒక కాగితం మీద రాసి పంపాను, అంతే. పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద నా పేరు చూసుకుని మురిసిపోయాను.

కొన్నేళ్ల తర్వాత ఒక పల్లెటూరి బడిలో ఆ పుస్తకం చేతపట్టుకుని పాఠం చెబుతున్నాను. ఆరో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "సార్, ఈ బొమ్మ తప్పు" అంది. తరగతి అంతా నవ్వింది. "పుస్తకంలో తప్పుంటుందా?" అన్నారు పిల్లలు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్లి, మధ్యాహ్నానికి చెరువు నీళ్లతో ఒక గాజు సీసా తెచ్చింది. అందులో నాలుగైదు తోకకప్పలు ఈదుతున్నాయి. ప్రతిదానికీ వెనక కాళ్లు ఉన్నాయి. ఒక్కదానికీ ముందు కాళ్లు లేవు. నా పుస్తకంలోని తోకకప్పకు ముందు కాళ్లు వచ్చి, వెనక కాళ్లు ఇంకా రాలేదు.

తోకకప్పకు మొదట బయటికి కనిపించేవి వెనక కాళ్లే. ముందు కాళ్లు మొప్పలను కప్పే పొర చాటున పెరుగుతూ ఉండి, ఆ తర్వాత బయటికి వస్తాయి. ఇది నాకు తెలుసు. కానీ చిత్రకారుడికి చెప్పలేదు. అచ్చుకు ముందు బొమ్మలు చూపించమని అడగనూ లేదు. ఆ రోజు తరగతిలో, "బొమ్మే తప్పు, అమ్మాయి చెప్పిందే ఒప్పు" అని నల్లబల్ల మీద రాశాను.

ఆ తప్పు దిద్దించాలని ప్రచురణకర్త దగ్గరికి వెళ్లాను. ఆయన బీరువాలోంచి ఒక రసీదు తీసి చూపించారు. కొంత డబ్బు తీసుకుని "సర్వహక్కులూ శాశ్వతంగా ఇచ్చివేశాను" అని దాని మీద నేనే సంతకం పెట్టాను. చదవకుండా పెట్టాను. ఆ పుస్తకం తర్వాత మరో రెండుసార్లు అచ్చయింది, అదే బొమ్మతో. ఎన్ని వేలమంది పిల్లలు ఆ బొమ్మ చూసి పరీక్షలో గీశారో నేను లెక్కపెట్టలేను.

రాతకూ, గీతకూ, ఒప్పందానికీ ఉన్న సంబంధం ఈ ఒక్క సంఘటనలో ఉంది. ఇప్పుడు ఒక్కొక్కటి చూద్దాం.

పిల్లలకు రాయడం

పిల్లలకు రాయడం సులభమని చాలామంది అనుకుంటారు. వాక్యాలు పొట్టివి కాబట్టి అలా అనిపిస్తుంది. ఈ రెండు వాక్యాలు చూడండి. "ఉభయచర జీవియైన కప్ప తన జీవితచక్రంలో రూపవిక్రియ చెందును." ఇది మొదటిది. "కప్ప పిల్ల తల్లిలా ఉండదు. చేపపిల్లలా ఉంటుంది." ఇది రెండోది. మొదటి వాక్యం బట్టీ పెట్టడానికి పనికొస్తుంది. రెండోది చదివిన పిల్లవాడు "ఎందుకలా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించగలిగితే మీ పుస్తకంలో సగం పని అయినట్టే.

అయితే సులువు కోసం నిజాన్ని వదులుకోకూడదు. "తోకకప్ప తోక రాలిపోతుంది" అని రాయడం సులువు. కానీ తోక రాలదు. మెల్లగా కుంచించుకుని శరీరంలోనే కలిసిపోతుంది. "తోక రోజురోజుకూ చిన్నదవుతుంది. చివరికి ఉండదు" అని రాస్తే అంతే సులువు, పైగా నిజం. తేలిక మాటల్లో తప్పు లేకుండా చెప్పడమే ఈ విద్యలో కష్టమైన భాగం.

మన భాషలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో "చందమామ" మొదలైంది. బి. నాగిరెడ్డి, చక్రపాణి దాని స్థాపకులు. 1952 నుంచి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావు దాన్ని తీర్చిదిద్దారు. ఆయన భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి, పెద్దలకు సైన్సు వ్యాసాలు కూడా రాశారు. చందమామ కథల్లో వాక్యం సూటిగా, ఇంట్లో మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉంటుంది. పాత సంచికలు దొరికితే ఒక కథ తీసుకుని, అందులో అక్కర్లేని విశేషణం ఎక్కడైనా ఉందేమో వెతకండి. రాయడం నేర్చుకోవడానికి అది మంచి కసరత్తు.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీరు రాసింది మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ల పిల్లలకు పైకి చదివి వినిపించండి. వాళ్ల కళ్లు కిటికీ వైపు తిరిగిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. అక్కడ తిరగరాయాలి.

బొమ్మ చెప్పేది, మాట చెప్పేది

బొమ్మల పుస్తకంలో మాట, బొమ్మ రెండూ కథ చెబుతాయి. రెండూ ఒకే సంగతి చెబితే ఒకటి దండగ. "ఎర్ర చొక్కా వేసుకున్న రాము పచ్చ గొడుగు పట్టుకున్నాడు" అని రాసి అదే బొమ్మ వేస్తే పిల్లవాడికి చూడటానికి ఏమీ మిగలదు. "ఆకు కింద ఎవరో ఉన్నారు" అని మాత్రమే రాసి, ఆకు చాటున రెండు కళ్లు గీయండి. పేజీ తిప్పకుండా ఉండగలరా? పేజీ తిప్పే ఆ క్షణంలో పిల్లవాడు ఒక ఊహ చేస్తాడు. తిప్పాక తన ఊహను సరిచూసుకుంటాడు. సైన్సులో పరికల్పన, పరిశీలన అని మనం చెప్పేది ఇదే. అందుకే ప్రశ్న కుడి పేజీలో, జవాబు దాని వెనక పేజీలో పెట్టాలి.

సైన్సు పుస్తకానికి బొమ్మ వేసేవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది. చీమ ఆరు కాళ్లూ దాని శరీరంలోని నడిమి భాగం నుంచే వస్తాయి. పొట్టకు కాళ్లు అతికించిన చీమలు మన పుస్తకాల్లో ఎన్నో ఉన్నాయి. నెలవంక కొమ్ముల మధ్య చుక్క పెట్టడం అందంగానే ఉంటుంది. కానీ అక్కడ ఉన్నది ఖాళీ కాదు, చంద్రుడి చీకటి భాగం. దాని ముందుకు నక్షత్రం రాలేదు. ఇలాంటివి కథలో, కలలో ఉంటే అభ్యంతరం లేదు. "నిజంగా ఇలా ఉంటుంది" అని చెప్పే పుస్తకంలో ఉండకూడదు.

కాబట్టి రచయిత చిత్రకారుడికి వట్టి మాటలు కాకుండా ఫోటోలు, కొలతలు, వీలైతే అసలు వస్తువునే ఇవ్వాలి. చిత్రకారుడు ముందుగా పెన్సిలు బొమ్మలు చూపించాలి. రంగులు వేశాక దిద్దడం ఇద్దరికీ కష్టం.

మీరు చేతులతో చేసి చూడవలసిన పని ఒకటి ఉంది. ఎనిమిది తెల్ల కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. 32 పేజీల నమూనా పుస్తకం తయారైంది. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 లేదా 24 లేదా 16 పేజీలే ఉంటాయి. ఎందుకు? ఒక పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడవండి. ఎనిమిది ఆకులు, అంటే 16 పేజీలు వస్తాయి. పైన కోయకుండా, అంచులు కొంచెం ఎత్తి చూస్తూ వరుసగా 1 నుంచి 16 దాకా అంకెలు వేసి కాగితం విప్పండి. కొన్ని అంకెలు తలకిందులుగా, 1 పక్కన 16, 4 పక్కన 13 కనిపిస్తాయి. పుస్తకం వెన్ను మడతకు అటూ ఇటూ ఉన్న జతను కూడితే ఎప్పుడూ 17. అచ్చు యంత్రానికి పేజీలు వెళ్లేది ఆ క్రమంలోనే. మీ కథ 35 పేజీలైతే కాగితం వృథా అవుతుంది, ధర పెరుగుతుంది. పేరు పేజీ, హక్కుల పేజీ తీసేస్తే 32లో మీ కథకు మిగిలేది ముప్పై లోపే. కథను ఆ కొలతకు కుదించడం కూడా కళే.

తెలుగుకు ప్రత్యేకమైన సంగతి ఒకటి. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగిలితే కొత్తగా చదవడం నేర్చిన పిల్లవాడు తికమకపడతాడు. చిత్రకారుడు బొమ్మలో అక్షరాలకు వదిలే చోటు ఈ లెక్కతో వదలాలి. ముఖ్యమైన ముఖమో, చేతులో నడిమడతలో పడకుండా చూసుకోవాలి.

బొమ్మ అచ్చులో చెడిపోతే: కలకత్తా కథ

రాత, గీత, అచ్చు మూడింటినీ ఒక్కడే పట్టుకున్న మనిషి మన దేశంలో ఉన్నారు. ఆయన ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి. 1863లో, నేటి బంగ్లాదేశ్‌లోని మైమన్‌సింగ్ ప్రాంతంలో పుట్టారు. పిల్లల కోసం బెంగాలీలో రామాయణం రాసి, తానే బొమ్మలు గీశారు. ఆ రోజుల్లో బొమ్మను కొయ్యదిమ్మె మీద చెక్కి అచ్చువేసేవారు. చెక్కడంలో ఆయన గీతల అందమంతా పోయింది. మరొకరైతే తిట్టుకుని ఊరుకునేవారు. ఆయన మాత్రం బ్రిటన్ నుంచి కెమెరా, అచ్చు పరికరాలు తెప్పించి 1895లో కలకత్తాలో సొంతంగా పని మొదలుపెట్టారు.

ఆయన పట్టుకున్న పద్ధతి పేరు హాఫ్‌టోన్. అచ్చు యంత్రం దగ్గర ఉన్నది నల్ల సిరా ఒక్కటే. బూడిద రంగు ఎలా వస్తుంది? బొమ్మను సన్నని గళ్ల తెరలోంచి ఫోటో తీస్తే అది చుక్కలుగా విడిపోతుంది. ముదురు చోట పెద్ద చుక్కలు, లేత చోట చిన్న చుక్కలు. దూరం నుంచి మన కన్ను వాటిని కలిపి బూడిద రంగుగా చూస్తుంది. భూతద్దంతో వార్తాపత్రికలోని ఫోటో చూడండి, ఆ చుక్కలు కనిపిస్తాయి. రంగుల క్యాలెండరు చూస్తే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు రంగుల చుక్కలే ఉంటాయి. ఉపేంద్రకిశోర్ ఆ తెర గళ్లు, లెన్సు రంధ్రం, దూరాల మధ్య లెక్కలను స్వయంగా పరిశోధించారు. లండన్ నుంచి వెలువడే పెన్‌రోజ్ వార్షిక సంచికలో వ్యాసాలు ప్రచురించారు. పిల్లల పుస్తకంలో బొమ్మ బాగా రావాలన్న పట్టుదల ఒక మనిషిని శాస్త్ర పరిశోధన దాకా తీసుకెళ్లింది.

1913లో ఆయన "సందేశ్" అనే పిల్లల పత్రిక ప్రారంభించారు. బెంగాలీలో సందేశ్ అంటే వార్త అనీ అర్థం, మిఠాయి అనీ అర్థం. 1915లో ఆయన మరణించాక కుమారుడు సుకుమార్ రాయ్ దాన్ని నడిపారు. సుకుమార్ అంతకుముందే ఇంగ్లండు వెళ్లి అచ్చు విద్య చదువుకుని వచ్చారు. ఆయనకు కాలా-అజార్ జ్వరం వచ్చింది. మంచం మీద ఉండి కూడా తన పద్యాల పుస్తకం "ఆబోల్ తాబోల్"కు బొమ్మలు, పేజీల అమరిక చూసుకున్నారు. 1923 సెప్టెంబరు 10న కన్నుమూశారు. పుస్తకం ఆ తర్వాత తొమ్మిది రోజులకు వెలువడింది. అదే కలకత్తాలో, ఆ సంవత్సరాల్లోనే ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి ఆ జబ్బుకు మందు కనిపెట్టారు. అది అందరికీ అందేలోగా ఆలస్యమైపోయింది.

సుకుమార్ పోయిన కొన్నేళ్లకే ఆ కుటుంబ ముద్రణ సంస్థ చేతులు మారింది, పత్రిక ఆగిపోయింది. అప్పటికి పసివాడైన ఆయన కుమారుడు సత్యజిత్ రాయ్ పెద్దయి, 1961లో సందేశ్‌ను తిరిగి ప్రారంభించారు. ఇందులో మనం గ్రహించవలసింది ఉంది. నైపుణ్యం ఎంత గొప్పదైనా సంస్థ నిలబడటానికి అది ఒక్కటే చాలదు. లెక్కలు, పంపిణీ, ఆ పనిని తర్వాత చూసుకునే మనుషులు కావాలి. లక్షల ఇళ్లలో చదివిన మన చందమామ కూడా 2010ల్లో ఆగిపోయింది కదా!

లెక్కలూ, ఒప్పందాలూ

ఇప్పుడు నా రసీదు దగ్గరికి వద్దాం. మన దేశంలో రచయితలను, చిత్రకారులను కాపాడేది 1957 నాటి కాపీరైట్ చట్టం. మీరు రాసిన క్షణం నుంచే ఆ రచన మీ సొంతం. ఎక్కడా నమోదు చేయించుకోనక్కర్లేదు. ఆ హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా రాస్తే మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిది. చిత్రకారులు మరొకటి గుర్తుంచుకోవాలి. డబ్బు తీసుకుని ఒకరి కోరికపై వేసిన చిత్రం విషయంలో, ఒప్పందంలో స్పష్టంగా రాసుకోకపోతే, హక్కు వేయించుకున్నవారికే చెందవచ్చు.

హక్కును మరొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో చేయాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమేనని చట్టం భావిస్తుంది. చూశారా, చట్టం మీ వైపే ఉంది. "శాశ్వతంగా" అన్న ఒక్క మాట కింద సంతకం పెట్టి ఆ రక్షణను నేనే పోగొట్టుకున్నాను. కాబట్టి సంతకానికి ముందు ఇవి చూడండి: ఎన్నేళ్లకు, ఏ భాషలకు, ఏ రూపాలకు, ఎంత డబ్బుకు. వాటితో పాటు నేను అడగని రెండు మాటలు మీరు అడగండి: అచ్చుకు ముందు బొమ్మలు నాకు చూపించాలి, పునర్ముద్రణలో తప్పులు దిద్దాలి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. ఉదాహరణకు పుస్తకం ధర 60 రూపాయలు, రాయల్టీ 10 శాతం అనుకుందాం. ఒక్కో ప్రతికి 6 రూపాయలు. 2,000 ప్రతులు అమ్ముడైతే 12,000 రూపాయలు. రచయిత, చిత్రకారుడు సమంగా పంచుకుంటే చెరి 6,000. మిగతా ధరలో కాగితం, అచ్చు, దుకాణదారు కమీషను, రవాణా ఉంటాయి. ఒక్క పుస్తకంతో ఇల్లు గడవదు. అందుకే ఈ రంగంలో ఉన్న చాలామందికి బోధన, అనువాదం, పత్రికలకు బొమ్మలు వేయడం వంటి మరో పని ఉంటుంది. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. లెక్క తెలిసి దిగినవాళ్లు ఎక్కువకాలం నిలబడతారు.

పుస్తకం ఎవరికి పంపాలి? కార్టూనిస్టు శంకర్ ఢిల్లీలో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు, ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ బుక్ ట్రస్టు రెండూ 1957లోనే మొదలయ్యాయి. చెన్నైలో తారా, తూలికా, హైదరాబాదులో మంచి పుస్తకం, భోపాల్‌లో ఏకలవ్య వంటి సంస్థలు తర్వాత వచ్చాయి. ఒక్కో సంస్థది ఒక్కో అభిరుచి. వాళ్ల పుస్తకాలు కనీసం పది చదవకుండా మీ రచన పంపకండి. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో పుస్తకాలు బహిరంగ అనుమతితో ఉంటాయి. పేరు చెప్పి ఎవరైనా వాటిని చదవవచ్చు, అనువదించవచ్చు, అచ్చు కూడా వేసుకోవచ్చు. అక్కడ తెలుగు అనువాదాలు చేయడం మీకు మంచి శిక్షణ. బహిరంగంగా ఇవ్వడం కూడా ఒక ఒప్పందమే. తెలిసి ఇస్తే అది దానం. తెలియక ఇస్తే నా రసీదు లాంటిది.

ఎవరూ తీసుకోకపోతే? ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అనే మహిళ పుట్టగొడుగులను సూక్ష్మంగా పరిశీలించి బొమ్మలు వేసేది. వాటి మీద ఆమె రాసిన పరిశోధన పత్రాన్ని 1897లో లండన్‌లోని లినియన్ సొసైటీకి సమర్పించారు. ఆమె రాసిన కుందేలు పిల్ల కథను ప్రచురణకర్తలు తిరస్కరించారు. 1901 డిసెంబరులో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించుకుంది. మరుసటి ఏడాది ఒక సంస్థ దాన్ని రంగుల్లో ప్రచురించింది. ఈనాటికీ అది అమ్ముడవుతూనే ఉంది. అయితే సొంతంగా అచ్చు వేయించే ముందు నా మాట ఒకటి వినండి: తక్కువ ప్రతులు వేయించండి. మంచం కింద కట్టలు పేరుకుపోయిన కవులను నేను చాలామందిని చూశాను.

ఇంటి దగ్గర చేయండి

ఇక మీకు ఒక పని అప్పగిస్తాను. మీ ఇంటి దగ్గర ఒక ప్రాణిని ఎంచుకోండి. బల్లి కావచ్చు, పేడపురుగు కావచ్చు, కిటికీలో గూడు కట్టిన పిచ్చుక కావచ్చు. వారం రోజులు రోజూ పది నిమిషాలు చూసి, చూసింది మాత్రమే రాయండి, గీయండి. నాలుగు కాగితాలు మడిచి 16 పేజీల పుస్తకం చేయండి. ఒక స్నేహితుడు రాస్తే మరొకరు గీయండి. ఇద్దరూ కలిసి అర పేజీ ఒప్పందం కూడా రాసుకోండి: పేర్లు ఏ క్రమంలో ఉండాలి, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి, తప్పు దొరికితే ఎవరు దిద్దాలి.

తర్వాత ఆ పుస్తకాన్ని మీకన్నా చిన్న తరగతి పిల్లలకు ఇవ్వండి. వాళ్లు మెచ్చుకుంటే సంతోషించండి. "ఈ బొమ్మ తప్పు" అని ఎవరైనా లేస్తే మాత్రం వాళ్ల పేరు రాసిపెట్టుకోండి. సీసాలో నీళ్లు తెచ్చిన ఆ అమ్మాయి పేరు నా నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత రాసిన ప్రతి పుస్తకాన్నీ అచ్చుకు పంపే ముందు ఒక ఆరో తరగతికి తీసుకెళ్లి చూపిస్తున్నాను.

మీరు చేసే పుస్తకాల కోసం ఎదురుచూస్తాను.